పుట్టగొడుగులు - కాలేయరక్షణ

తొలకరి ఉరుములు ఉరిమిన మరునాడు పుట్టలమీద తెల్లని గొడుగులు లేచి ఉండుట పల్లెలలో అందరూ ఎరిగిన వింతయే. పుట్టమీద లేచేది కనుక పుట్టగొడుగు అన్నారు. ఈ పేరులో ఒక శాస్త్రసత్యము కూడ ఇమిడి ఉన్నది. కొన్ని జాతుల చెదపురుగులు తమ పుట్టల లోపల ఒక విధమైన బూజును పెంచి దానిని ఆహారముగా వాడుకుంటవి. ఆ బూజు విత్తనములవంటి రేణువులను గాలిలోనికి వదలుటకు పైకి పంపిన భాగమే మనము కూర వండుకొనే గొడుగు. ఇట్టి జీవులను శిలీంధ్రములు అంటారు. వీటికి మొక్కలవలె పత్రహరితము లేదు. కుళ్ళిన కట్టెను, రాలిన ఆకును జీర్ణించుకొని బ్రతుకుతవి. ఆ బ్రతుకు తెరువులో అవి తయారు చేసే రసాయనములు అనేకము. వాటిలో కొన్ని మనకు ఆహారము, కొన్ని విషము, కొన్ని మందు.

ఆహారమైనా, విషమైనా, మందైనా మన శరీరములో ముందుగా ఎదుర్కొనే అవయవము కాలేయము. పెద్దవారిలో ఇది సుమారు ఒకటిన్నర కిలోల బరువుండి, కుడివైపున పక్కటెముకల చాటున ఉంటుంది. ప్రేగులు పీల్చుకొన్న పదార్థములలో చాలభాగము రక్తముతోపాటు మొట్టమొదట దీనిలోనికే చేరుతుంది. కాలేయమునకు మరొక విశేషము కూడ ఉన్నది. 1931లో అమెరికాలో హిగ్గిన్స్, ఆండర్సన్ అనే ఇద్దరు పరిశోధకులు ఎలుకల కాలేయములో మూడింట రెండు వంతులు కోసి తీసివేసి చూచినారు. కొద్ది వారములలోనే మిగిలిన భాగము పెరిగి ఇంచుమించు పూర్వపు పరిమాణమును అందుకొన్నది.

తనంత తాను బాగుపడే అవయవమునకు మందు కనుగొనుట తేలిక అనిపించవచ్చును. నిజమునకు అదే మిక్కిలి కష్టమైన పని. రోగి కోలుకొన్నపుడు, కోలుకొనజేసినది మందా, కాలేయమునకు సహజముగా ఉన్న శక్తియా అని తేల్చుట ఎట్లు? కాలేయమును కాపాడునని పేరుపొందిన పుట్టగొడుగుల చరిత్ర రెండువేల ఏండ్లనాటిది. ఆ చరిత్ర అంతయు ఈ ఒక్క ప్రశ్న చుట్టూ తిరుగుతున్నది.

రంగును చూచి కట్టిన వైద్యము

చైనాదేశములో ఒక జాతి పుట్టగొడుగును లింగ్‌ఝీ అని, జపానులో రెయిషి అని అంటారు. చెట్టు మొదళ్ళమీద, చచ్చిన మోడులమీద పెరిగే ఈ గొడుగు కట్టెవలె గట్టిగా ఉంటుంది. పైభాగము లక్క పూసినట్లు ఎఱ్ఱగా మెరుస్తుంది. చవి చేదు. కూరకు పనికిరాదు. అయినను ప్రాచీన చైనాలో దీనికి లభించిన గౌరవము మరే శిలీంధ్రమునకును లభించలేదు. క్రీ. పూ. 109లో హాన్ వంశపు ఊ చక్రవర్తి రాజభవనము లోపల తొమ్మిది కాడల ‘ఝీ’ మొలచినదని విని, దానిని దేవతల అనుగ్రహముగా భావించి, చక్రవర్తి ఖైదీలకు క్షమాభిక్ష ప్రకటించినాడు.

హాన్ వంశపు కాలమున కూర్చబడినదని పండితులు చెప్పే ‘షెన్‌నుంగ్ బెన్‌త్సావ్ జింగ్’ అనే వైద్యగ్రంథములో 365 మందుల వర్ణన ఉన్నది. వాటిలో ఆరు రకముల ‘ఝీ’లను రంగునుబట్టి వేరుచేసి చెప్పినారు: ఆకుపచ్చ, ఎరుపు, పసుపు, తెలుపు, నలుపు, ఊదా. వీటిలో కాలేయమునకు బలమిచ్చేది, కంటిచూపును తేటపరచేది ఆకుపచ్చని ఝీ అని ఆ గ్రంథము చెబుతున్నది. కాలేయరక్షణకు పుట్టగొడుగును వాడవచ్చునని చెప్పిన అతి ప్రాచీనమైన మాటలలో ఇది ఒకటి.

అయితే ఈ మాట ఎట్లు పుట్టినదో గమనింపవలెను. ప్రాచీన చైనా వైద్యులు ప్రకృతి అంతటిని కట్టె, నిప్పు, మన్ను, లోహము, నీరు అనే అయిదు తత్త్వములుగా విభజించినారు. ఒక్కొక్క తత్త్వమునకు ఒక రంగు, ఒక రుచి, ఒక అవయవము, ఒక ఇంద్రియము జతపరచినారు. కట్టెకు రంగు ఆకుపచ్చ, రుచి పులుపు, అవయవము కాలేయము, ఇంద్రియము కన్ను. కనుక ఆకుపచ్చని గొడుగు కాలేయమునకు మంచిది కాక తప్పదు. రుచి పులుపు కాక తప్పదు. ఇదే విధముగా ఎఱ్ఱనిది గుండెకు, తెల్లనిది ఊపిరితిత్తులకు, నల్లనిది మూత్రపిండములకు చేరినవి. ఎందరు రోగులు తిన్నారు, ఎందరు కోలుకొన్నారు అన్న లెక్క ఇందులో లేదు. పట్టిక గీసిన తరువాత గడిని నింపినట్లు కాలేయము వచ్చి చేరినది.

ఇట్టి ఆలోచన చైనాకే పరిమితము కాదు. ఐరోపాలో ఒక చిన్న పూలమొక్క ఆకు కాలేయము ఆకారములో ఉన్నదని దానికి హెపాటికా అని పేరుపెట్టి, కాలేయరోగములకు వాడినారు. అక్కడనే ఓక్ చెట్లమీద పెరిగే ఒక శిలీంధ్రమును కోసినచో పచ్చి మాంసమువలె ఎఱ్ఱని రసము కారుతుంది. దానికి శాస్త్రజ్ఞులు పెట్టిన పేరు ఫిస్టులినా హెపాటికా, అనగా కాలేయమువంటిది. పోలికను చూచి గుణమును ఊహించుట మానవజాతికి సామాన్యమైన అలవాటు.

లీ షిజెన్ సందేహము

ఈ పట్టికను మొదట శంకించిన వారిలో ముఖ్యుడు చైనీయుడే. లీ షిజెన్ క్రీ. శ. 1518లో పుట్టి 1593లో మరణించిన వైద్యుడు. ఆయన రచించిన ‘బెన్‌త్సావ్ గాంగ్‌ము’ అనే మహాగ్రంథము 1578లో పూర్తి అయినది. ఆయన మరణానంతరము 1596లో నాన్‌జింగ్ నగరములో అచ్చు వెలువడినది. పూర్వగ్రంథములలోని మాటలను తొలగింపక ఒకచోట చేర్చి, వాటి చెంత తన అభిప్రాయమును విడిగా వ్రాయుట ఆయన పద్ధతి.

లింగ్‌ఝీ విషయమున ఆయన చేసిన వ్యాఖ్య గమనింపదగినది. రంగుకు తగిన రుచిని చెప్పుట సిద్ధాంతమునుబట్టి చెప్పినదే కాని, నిజముగా రుచి రంగును అనుసరించి ఉండనక్కరలేదని ఆయన వ్రాసినాడు. కుళ్ళిన కట్టెలో మిగిలిన సారమునుండి, మనిషి ఒంటిమీద కంతి లేచినట్లు లేచే ఈ వస్తువును శుభసూచకమని, తిన్నవారు అమరులవుతారని చెప్పుట వట్టి భ్రమ అన్నాడు. రుచి రంగును అనుసరింపనపుడు, గుణము రంగును అనుసరిస్తుందనుటకు ఆధారమేమి? లీ షిజెన్ ఈ రెండవ ప్రశ్నను పూర్తిగా అడగలేదు. ఆయన వద్ద దానిని పరీక్షించే సాధనము లేదు.

చంపే గొడుగు చెప్పిన పాఠము

ఆ సాధనములను సమకూర్చినది కాలేయమును కాపాడే గొడుగు కాదు, దానిని నాశనము చేసే గొడుగు. ఐరోపా అడవులలో అమనీటా ఫాలాయిడిస్ అనే పుట్టగొడుగు ఉన్నది. లేత ఆకుపచ్చని టోపీతో, తినదగిన గొడుగువలె అందముగా ఉంటుంది. 1740 అక్టోబరులో పవిత్ర రోమను చక్రవర్తి ఆరవ చార్లెస్ వియన్నాలో పుట్టగొడుగుల వంటకము తిని జబ్బుపడి, కొద్ది దినములలో మరణించినాడు. ఆయన తిన్నది ఇదే అయి ఉండునని పలువురి అభిప్రాయము. ఆయన కుమార్తె మరియా థెరీసా వారసత్వమును గురించి ఐరోపాలో 1748 వరకు యుద్ధము సాగినది.

ఈ విషము తీరు మోసకరమైనది. తిన్న తరువాత ఆరు గంటలు మొదలు ఒక దినము వరకు ఏమీ తెలియదు. ఆ పిమ్మట వాంతులు, విరేచనములు పట్టుకుంటవి. అవి తగ్గి రోగి కోలుకొన్నట్లే కనిపిస్తాడు. మూడు నాలుగు దినములకు కాలేయము పాడై కామెర్లు, స్పృహలేమి వస్తవి. ఉడికించినా ఈ విషము చెడదు. మనిషి బరువులో కిలో ఒక్కంటికి మిల్లీగ్రాములో పదవ వంతు విషము ప్రాణము తీయగలదు.

జర్మనీలోని మ్యూనిక్ నగరమున, 1927 సంవత్సరపు రసాయనశాస్త్ర నోబెల్ బహుమతి పొందిన హైన్రిష్ వీలాండ్ పరిశోధనశాలలో ఈ విషమును వేరుచేయు పని సాగినది. 1937లో ఫియోడర్ లీనెన్, ఉల్రిష్ వీలాండ్ ఫాలాయిడిన్ అనే విషమును స్ఫటికముల రూపములో రాబట్టినారు. మనుషులను చంపునది అది కాదని, అమానిటిన్ అనే మరొకటి అని తరువాత తేలినది. దాని స్ఫటికములు 1941లో లభించినవి. అది చేసే పని ఏమిటో తెలియుటకు మరి మూడు దశాబ్దములు పట్టినది. జీవకణములో జన్యువులలోని ఆజ్ఞలకు నకలు వ్రాసే ఆర్. ఎన్. ఏ. పాలిమరేజు అనే ఎంజైము ఉన్నది. అమానిటిన్ దానిని పట్టి కదలకుండా చేస్తుందని 1970 నాటికి స్పష్టమయినది. నకలు లేనిదే కణము మాంసకృత్తులను తయారు చేసుకొనలేదు, కణము నశిస్తుంది.

దీనికి విరుగుడుగా ఐరోపా వైద్యులు వాడుతున్నది పుట్టగొడుగు కాదు, మిల్క్ తిసిల్ అనే ముళ్ళమొక్క గింజల సారము. పిత్తదోషమునకు ఈ మొక్క రసము మంచిదని క్రీ. శ. మొదటి శతాబ్దపు రోమను రచయిత ప్లీనీ వ్రాసినాడు. మ్యూనిక్‌లోనే హిల్డెబర్ట్ వాగ్నర్ బృందము 1968లో దీని గింజలనుండి సిలిమారిన్‌ను వేరుచేసినది. దానిలోని సిలిబినిన్ అనే పదార్థము, అమానిటిన్ కాలేయకణములోనికి పోయే ద్వారమును అడ్డగిస్తుంది. ఇక్కడ విషమేదో తెలుసు, ఎంత మోతాదో తెలుసు, ఎక్కడ తగులుతుందో తెలుసు, ఎక్కడ అడ్డగింపవలెనో తెలుసు. కాలేయరక్షణ అనే మాటకు శాస్త్రములో ఉండవలసిన అర్థము ఇది. రోగులపై పెద్ద పరీక్ష లేని లోటు మాత్రము ఈ విరుగుడుకును ఉన్నది.

కొలబద్ద దొరికిన సంవత్సరము

కాలేయము ఎంత చెడినదో రోగి బ్రతికి ఉండగా కొలుచుట ఒకప్పుడు కష్టముగా ఉండెను. 1955లో ఈ కొరత తీరినది. కాలేయకణములలో ఉండవలసిన కొన్ని ఎంజైములు, ఆ కణములు దెబ్బతిన్నపుడు రక్తములోనికి కారుతవి. అమెరికాలో ఆర్థర్ కార్మెన్, ఆయన సహచరులు రక్తములో ఎస్. జి. ఓ. టి. ని కొలిచే సులభమైన పద్ధతిని ప్రకటించినారు. అదే సంవత్సరము ఇటలీలోని నేపుల్సులో ఫెర్నాండో డి రిటిస్ బృందము, వైరసువలన కలిగే కాలేయవ్యాధిలో ఈ ఎంజైములు రక్తములో పెరుగునని చూపినది. నేడు పట్టణములలోని ప్రతి రక్తపరీక్షశాలలోను వ్రాసి ఇచ్చే ఎస్. జి. పి. టి. అంకె ఈ కృషి ఫలమే.

అదే 1955 డిసెంబరులో ఢిల్లీలో యమునానది నీటిలో మురుగు కలిసి కామెర్లు పెచ్చరిల్లినవి. సుమారు 29,000 మందికి కామెర్లు పైకి కనిపించినవి. గర్భవతులలో వ్యాధి తీవ్రమై మరణములు సంభవించినను, మిగిలినవారిలో అత్యధికులు కొన్ని వారములలో కోలుకొన్నారు. ఆ సమయమున వారందరికి ఏ ఆకు పసరు ఇచ్చినను, ఏ గొడుగు కషాయము ఇచ్చినను, నూటికి తొంభై మందికి పైగా బాగుపడినారని గొప్పగా చెప్పుకొనుటకు వీలుండెడిది. తెలుగునాట కామెర్లకు పసరుమందు పేరుపొందుటకు కూడ ఇదియే ముఖ్యకారణము. కలుషితమైన నీటివలన వచ్చే కామెర్లు చాలవరకు తమంత తామే తగ్గుతవి. కీర్తి పసరుకు దక్కుతుంది.

పరిశోధనశాలలో లింగ్‌ఝీ

లింగ్‌ఝీ ఈ నూతన యుగములో అడుగిడుటకు ముందు దాని పేరే సరిగా తేలలేదు. 1781లో ఇంగ్లండులో విలియం కర్టిస్ మెరిసే పైపొరగల ఒక గొడుగును వర్ణించినాడు. 1881లో ఫిన్లండు శాస్త్రజ్ఞుడు కార్‌స్టెన్ దానికి గానోడెర్మా అనే ప్రజాతి నామము ఇచ్చినాడు. మెరిసే చర్మము అని దాని అర్థము. చైనా గొడుగును కూడ చాలకాలము ఆ ఇంగ్లండు జాతిగానే, గానోడెర్మా లూసిడమ్ అని వ్యవహరించినారు. రెండును వేరు జాతులని, చైనాలో సాగుచేసేది గానోడెర్మా లింగ్‌ఝీ అని 2012లో శిలీంధ్రశాస్త్రజ్ఞులు వేరుచేసినారు. కనుక అంతకుముందరి పరిశోధనపత్రములలో ఒకే పేరుతో ఉన్నవన్నీ ఒకే వస్తువు అని నమ్ముటకు వీలులేదు.

1970 ప్రాంతమున రంపపుపొట్టుమీద, కట్టెలమీద దీనిని పెంచే పద్ధతులు చైనా, జపానులలో కుదురుకొన్నవి. అంతవరకు అడవిలో అరుదుగా దొరికిన వస్తువు పరీక్షకు తగినంత లభించినది. 1982లో జపాను రసాయనశాస్త్రజ్ఞులు దాని చేదుకు కారణమైన గానోడెరిక్ ఆమ్లములు ఏ, బి లను వేరుచేసినారు. ఇవి ట్రైటెర్పీనులనే వర్గమునకు చెందినవి. వీటితోపాటు దీనిలో గ్లూకోజు అణువుల గొలుసులైన బీటా గ్లూకానులు కూడ ఉన్నవి. ఇట్టి గొలుసులు శరీరపు రక్షణకణములను ప్రేరేపించగలవు. 1969లో షీటాకీ అనే మరొక పుట్టగొడుగునుండి గోరో చిహరా కనుగొన్న లెంటినాన్ ఈ తెగదే.

పిమ్మట ఎలుకలపై ప్రయోగములు విరివిగా జరిగినవి. వాటి పద్ధతి సాధారణముగా ఒక్కటే. కార్బన్ టెట్రాక్లోరైడును ఇచ్చినచో, కాలేయములోని ఒక ఎంజైము దానిని మార్చి చురుకైన ముక్కలుగా చేస్తుంది. ఆ ముక్కలు కణముల పైపొరలోని కొవ్వును పాడుచేస్తవి. కణములు పగిలి రక్తములో ఎస్. జి. పి. టి. పెరుగుతుంది. గొడుగు సారము తిన్న ఎలుకలలో ఈ అంకె తక్కువగా పెరిగినదని పలు పరిశోధనలు చూపినవి.

ఇది నిర్లక్ష్యము చేయదగిన ఫలితము కాదు. కాని దాని హద్దులు తెలియవలెను. అనేక ప్రయోగములలో ముందు మందు, తరువాత విషము ఇస్తారు; రోగి వచ్చేది కాలేయము చెడిన తరువాత. అంతేకాక, టెట్రాక్లోరైడును విషముగా మార్చే ఎంజైమును అణచే ఏ పదార్థమైనను ఈ పరీక్షలో రక్షకమువలె కనిపిస్తుంది. వైరసువలన, మద్యమువలన చెడే కాలేయమునకు దానివలన మేలు కలుగునని చెప్పలేము.

మనుషులలో పరీక్ష

లింగ్‌ఝీ సారమును దీర్ఘకాలిక హెపటైటిస్ బి రోగులకు ఇచ్చి, మరికొందరికి మందులేని ఉత్తమాత్ర ఇచ్చి పోల్చిన ఒక ప్రయోగము 2002లో ప్రచురింపబడినది. కొన్ని మంచి సూచనలు కనిపించినవి. కాని రోగులు కొద్దిమంది, పరిశీలించిన కాలము కొద్ది నెలలు. ఇట్టి చిన్న ప్రయోగమును నమ్మి తొందరపడరాదనుటకు మనదేశములోనే ఒక ఉదాహరణ ఉన్నది. మన పెరళ్ళలో పెరిగే నేలఉసిరి జాతి మొక్కను హెపటైటిస్ బి వైరసును మోస్తున్నవారికి ఇచ్చి మద్రాసులో జరిపిన పరీక్షాఫలితము 1988లో ‘లాన్సెట్’ పత్రికలో వెలువడినది. మందు తిన్న 37 మందిలో 22 మంది రక్తమునుండి వైరసు గుర్తు తొలగిపోయినది. ఉత్తమాత్ర తిన్న 23 మందిలో ఒక్కరికే తొలగినది. ఆ వైరసును కనుగొని నోబెల్ బహుమతి పొందిన బరూక్ బ్లంబర్గ్ ఆ పరిశోధకులలో ఒకరు. ఇంతటి ఫలితము కూడ ఇతర దేశములలో తిరిగి పరీక్షించినపుడు నిలువలేదు. ఒకరు చూచినది మరొకరికి కనిపించినపుడే అది శాస్త్రము అవుతుంది.

లింగ్‌ఝీ కథలో మరొక మలుపు ఉన్నది. దాని పొడిని వాడిన ఒక రోగికి కాలేయము చెడినదని 2004లో హాంగ్‌కాంగ్ వైద్యులు ప్రకటించినారు. పొడి వాడిన మరొక రోగి కాలేయవైఫల్యముతో మరణించినట్లు 2007లో థాయిలండు వైద్యులు తెలిపినారు. ఇట్టి ఒకటి రెండు సంఘటనలతో గొడుగునే దోషిగా నిర్ణయింపలేము. ఇతర మందులు, కల్తీ కూడ కారణము కావచ్చును. అయినను ప్రాచీనులు కాచి వడపోసిన కషాయము వేరు, నేడు సీసాలో అమ్మే పొడి వేరు. కషాయమునకు ఉన్న అనుభవమును పొడికి అంటగట్టరాదు. కాలేయమును కాపాడునని అమ్మే వస్తువు కూడ ముందుగా కాలేయమే భరింపవలసిన బరువు అని మరువరాదు.

శిలీంధ్రము నిజముగా కాపాడిన సందర్భము

ఇంతమాత్రమున శిలీంధ్రములమీద ఆశ వదలుకొన నక్కరలేదు. 1963లో అమెరికాలో టామస్ స్టార్జెల్ మనిషికి తొలిసారి కాలేయమును మార్చి అమర్చినాడు. ఆ రోగి బ్రతుకలేదు. తరువాతి ఏండ్లలో కూడ, కొత్త కాలేయమును శరీరము పరాయిదిగా తలచి ధ్వంసము చేయుటచేత ఎందరో మరణించినారు. ఈ చిక్కును తీర్చుటలో ముఖ్యపాత్ర వహించినది నార్వేదేశపు మట్టిలో దొరికిన ఒక బూజు. దానినుండి వచ్చిన సైక్లోస్పోరిన్, రక్షణకణముల దాడిని అణచునని 1972లో స్విట్జర్లండులో గుర్తించినారు. 1980 నుండి స్టార్జెల్ దానిని వాడనారంభించిన పిమ్మట కాలేయమార్పిడి రోగులు బ్రతికి బట్టకట్టుట సాధారణమైనది. ఈ బూజు పెంకుపురుగుల గుండమీద చిన్న గొడుగుగా లేచే శిలీంధ్రమునకు మరొక రూపమే అని 1996లో తెలిసినది.

ఇది కూడ లోపములేని మందు కాదు. మూత్రపిండములకు హాని చేయగలదు. కాని ఆ హాని ఎంత, మోతాదు ఎంత అన్నది కొలిచి తెలుసుకొన్నారు. దీనిని ఎవరును రంగును చూచి ఎన్నుకొనలేదు. వేలకొలది నమూనాలను ఒక్కొక్కటే పరీక్షించినపుడు దొరికినది.

నేడు లింగ్‌ఝీ కాలేయవ్యాధులకు నిరూపితమైన మందు కాదు. నిరూపణకు అర్హమైన పదార్థముల గని మాత్రమే. హెపటైటిస్ బి ని ఆపుటకు టీకా ఉన్నది. హెపటైటిస్ సి ని నయముచేసే మాత్రలు ఉన్నవి. నీటివలన వచ్చే కామెర్లకు శుభ్రమైన నీరు, మద్యమువలన చెడే కాలేయమునకు మద్యము మానుట ఉన్నవి. పరీక్షకు నిలిచిన వీటిని వదలి, పరీక్ష ముగియని పొడిని నమ్ముకొన్న రోగి కోల్పోయేది డబ్బు మాత్రమే కాదు, చికిత్సకు అనువైన కాలము కూడ. పట్టికలోని గడిని చూచి నాలుగువందల ఏండ్లనాడు లీ షిజెన్ సందేహించినాడు. ఆయనకు లేని కొలబద్దలు నేడు ఉన్నవి. ఆ సందేహమును తీర్చవలసిన బాధ్యత ఇక పరిశోధనశాలలది, ఆసుపత్రులది.